హెరిటబులా, హెరిడిటరీనా? పోడు పట్టా మీద ఒక్క ఇంగ్లీష్ లైను

ఇవాళ ఎపిసోడ్ భద్రాచలం నుంచి. మధ్యలో లారీ హారన్లు వినపడితే ఏమనుకోకండి, బ్రిడ్జికి దగ్గర్లోనే కూర్చున్నాం.

మామూలుగా మన ఇంగ్లీష్ ఎపిసోడ్లలో బిగ్‌కి, లార్జ్‌కి తేడా ఏంటి, టాల్ ఎప్పుడు వాడాలి, హై ఎప్పుడు వాడాలి, ఇలాంటివి చెప్పుకుంటుంటాం. ఇవాళ టాపిక్ కూడా అదే. ఒకేలా కనిపించే ఎడ్జెక్టివ్‌లు, అంటే విశేషణాలు. డిక్షనరీ చూస్తే రెండింటికీ ఒకే తెలుగు మాట ఉంటుంది, కానీ ఒకదాని బదులు ఇంకోటి పెడితే కథ మారిపోతుంది. ఉదాహరణలు మాత్రం గ్రామర్ పుస్తకంలోవి కావు. పోయిన వారం వచ్చిన ఒక మెసేజ్‌లోంచి తీసుకున్నవి.

చర్ల వైపు నుంచి ఒక తమ్ముడు, డిగ్రీ సెకండియర్, ఒక ఫోటో పంపాడు. వాళ్ల నాన్న పేరు మీద, అమ్మ పేరు మీద కలిపి వచ్చిన పోడు పట్టా అది. మూడెకరాలు. కింద ఒక లైను ఇంగ్లీష్‌లో ఉంది: "దిస్ టైటిల్ ఈజ్ హెరిటబుల్, బట్ నాట్ ఏలియనబుల్ ఆర్ ట్రాన్స్‌ఫరబుల్." తమ్ముడు ఏం రాశాడంటే, "అన్నా, హెరిటబుల్ అని ఫోన్‌లో కొడితే వంశపారంపర్యం అని వచ్చింది. హెరిడిటరీ అని కొట్టినా అదే వచ్చింది. ఏలియనబుల్ అని కొడితే ఏదేదో వచ్చింది. ఏలియన్ అంటే గ్రహాంతరవాసి కదన్నా? మా నాన్న ఏమంటున్నాడంటే, వంశపారంపర్య ఆస్తి అని గవర్నమెంటే రాసిచ్చింది, మన ఆస్తి మనం అమ్ముకుంటే తప్పేంటి అని. టౌన్ నుంచి ఒకాయన వచ్చిండు. వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద రాసుకుందాం, వచ్చే వారం అడ్వాన్స్ ఇస్తా అంటున్నాడు. ఆ లైనుకి అర్థం ఏంటన్నా?"

చూశారా. మనమేమో ఇక్కడ ఐఈఎల్‌టీఎస్ బ్యాండ్ స్కోర్ గురించి మాట్లాడుకుంటుంటాం. అక్కడ మూడెకరాలు మూడు ఎడ్జెక్టివ్‌ల మీద నిలబడి ఉంది.

సరే, మొదటి మాట పట్టుకుందాం. హెరిడిటరీ, హెరిటబుల్. రెండింటికీ మూలం ఒకటే, వారసుడు అనే అర్థం ఉన్న లాటిన్ మాట. కానీ రెండూ చూసే దిక్కు వేరు. హెరిడిటరీ వెనక్కి చూస్తుంది. తాత నుంచి, నాన్న నుంచి నా దాకా వచ్చింది అని చెప్తుంది. అందుకే జబ్బుల పక్కన, పదవుల పక్కన ఎక్కువగా కనిపిస్తుంది. గుడికి వంశపారంపర్య ధర్మకర్తను హెరిడిటరీ ట్రస్టీ అంటారు. హెరిటబుల్ ముందుకి చూస్తుంది. నా తర్వాత నా పిల్లలకి వెళ్లే వీలుంది అని చెప్తుంది. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో దానికి అనవసరం.

తెలుగులో ఒక్క మాటతో చెప్పలేం గానీ, రెండు క్రియలతో తేలిగ్గా చెప్పొచ్చు. హెరిడిటరీ అంటే "వచ్చింది". హెరిటబుల్ అంటే "వెళ్తుంది". ఇంతే.

ఇప్పుడు ఆ పట్టాని చూడండి. అది 2006 అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చింది. ఆ చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికి ఆ భూమి మీద ఉండి, చట్టం అమల్లోకి వచ్చేనాటికీ సాగులో ఉన్నవాళ్లకి హక్కు గుర్తిస్తారు. నిజంగా సాగులో ఉన్నంత మేరకే, అదీ నాలుగు హెక్టార్లు దాటకుండా. నాలుగు హెక్టార్లంటే మన లెక్కలో పదెకరాలకి కాస్త తక్కువ. పెళ్లైన వాళ్లయితే భార్యాభర్తలిద్దరి పేరు మీదా రాయాలి. అందుకే తమ్ముడి పట్టాలో వాళ్లమ్మ పేరు కూడా ఉంది. చట్టం అక్కడ హెరిడిటరీ అనలేదు. ఈ భూమి మీ తాతదా, ముత్తాతదా అనేది ఆ లైనులో మాటే కాదు. మీ తర్వాత మీ పిల్లలకి పోతుంది, నేరుగా వారసులు లేకపోతే దగ్గరి బంధువుకి పోతుంది, అదీ చెప్పింది. అంటే ఆ నాన్న "వచ్చింది" అని చదువుకున్న చోట కాగితం "వెళ్తుంది" అని చెప్తోంది.

హెరిడిటరీ అన్నాం కాబట్టి ఒక్క నిమిషం పక్కకి వెళ్తా, ఎందుకంటే మన ఏజెన్సీలో ఇది చాలా ఇళ్లకి కావాల్సిన విషయం. సికిల్ సెల్ టెస్టులు జరుగుతున్నాయి కదా. 2023 జూలై 1న సికిల్ సెల్ అనీమియా నిర్మూలన మిషన్ మొదలైంది, చాలామందికి కార్డులు కూడా ఇస్తున్నారు. ఆ జబ్బు హెరిడిటరీ. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు వైపుల నుంచీ ఆ జన్యువు వస్తేనే జబ్బు వస్తుంది. ఒక్క వైపు నుంచే వస్తే క్యారియర్ అంటారు, మనిషి మామూలుగానే ఉంటాడు. ఇద్దరు క్యారియర్లు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అందుకే పెళ్లికి ముందు కార్డులు చూసుకోమని చెప్తారు.

దీన్ని కంజెనిటల్‌తో కలపొద్దు. కంజెనిటల్ అంటే పుట్టుకతోనే ఉన్నది అని. అది వంశం నుంచే రానక్కర్లేదు. గర్భంతో ఉన్న తల్లికి మొదటి నెలల్లో రుబెల్లా వస్తే బిడ్డ చెవుడుతోనో, కంట్లో శుక్లాలతోనో పుట్టొచ్చు. అది కంజెనిటల్, హెరిడిటరీ కాదు. ఇక కంటేజియస్ అంటే ముట్టుకుంటే, దగ్గర ఉంటే అంటుకునేది. సికిల్ సెల్ కంటేజియస్ కాదు. ఆ పిల్ల పక్కన కూర్చోవద్దు, ఆ గ్లాసులో తాగొద్దు అనేవాళ్లుంటారు చూడండి, వాళ్లు హెరిడిటరీకి, కంటేజియస్‌కి తేడా తెలియనివాళ్లు. తెలుగులో "జబ్బు మనిషి" అని ఒకే మాట అనేస్తాం. దానివల్ల వచ్చిన తంటా ఇది.

సరే, మళ్లీ పట్టా దగ్గరికి వద్దాం. ఏలియనబుల్.

తమ్ముడు గ్రహాంతరవాసి అన్నాడు కదా, నవ్వకండి, వాడు సగం దూరం కరెక్టుగానే వెళ్లాడు. ఏలియన్‌కి మూలం "ఇతరుడు, పరాయివాడు" అనే అర్థం ఉన్న లాటిన్ మాట. సినిమాలో గ్రహాంతరవాసిని అలా ఎందుకన్నారంటే పరాయి లోకం వాడు కాబట్టి. ఏలియనేట్ చేయడం అంటే పరాయివాడి పరం చేయడం. మనకి దీనికి సరిగ్గా సరిపోయే మాట ఉంది. పేపర్లో రోజూ చదువుతాం: "భూములు అన్యాక్రాంతం". అన్య అంటే ఇతరులే. నాట్ ఏలియనబుల్ అంటే అన్యాక్రాంతం చేయడానికి వీల్లేనిది.

మరి ట్రాన్స్‌ఫరబుల్ అని మళ్లీ ఎందుకు రాశారు? రెండూ ఒకటే కదా? దాదాపు ఒకటే. ఏలియనబుల్‌లో యాజమాన్యం మీద చూపు ఎక్కువ, అమ్మకం, దానం లాంటివి. ట్రాన్స్‌ఫర్ ఇంకా వెడల్పు మాట, చేతులు మారడం ఏ రకంగానైనా. ఉద్యోగం ట్రాన్స్‌ఫరబుల్ అంటాం, టికెట్ నాన్ ట్రాన్స్‌ఫరబుల్ అంటాం, అక్కడ ఏలియనబుల్ అనం. చట్టం రాసేవాళ్లకి ఒక అలవాటు ఉంది. ఒక మాటలోంచి ఎవడైనా జారుకుంటాడేమోనని పక్కనే ఇంకో మాట పెడతారు. కోళ్ల గూటికి గొళ్లెం పెట్టాక మళ్లీ తాడు కట్టినట్టు. "అమ్మలేదండీ, ఊరికే రాసిచ్చాను" అనేవాళ్ల కోసం ఆ రెండో మాట.

ఈ మూడు మాటల్లో ఒకటి గమనించారా? హెరిటబుల్, ఏలియనబుల్, ట్రాన్స్‌ఫరబుల్. చివర్లో "బుల్". ఈ తోక ఎక్కడ కనపడినా అది జరిగిపోయిన సంగతి చెప్పడం లేదు, జరిగే వీలు గురించి చెప్తోంది. వాషబుల్ అంటే ఉతికిన చొక్కా కాదు, ఉతకడానికి వీలైన చొక్కా. ఇది మనసులో పెట్టుకోండి, ఇంకో రెండు చోట్ల పనికొస్తుంది.

మొదటి చోటు ఆ స్టాంప్ పేపర్. అమ్మకూడదు అని పట్టా మీద ఉంది, నిజమే, కానీ ఇద్దరూ ఇష్టపడి వంద రూపాయల కాగితం మీద రాసుకుంటే? నోటరీ సంతకం కూడా పెట్టిస్తే? ఇక్కడ వాయిడ్, వాయిడబుల్ అనే జత వస్తుంది. లా ఎంట్రన్స్ రాసేవాళ్లు జాగ్రత్తగా వినండి.

వాయిడ్ అంటే మొదటి నుంచీ లేనట్టే. పుట్టలేదు, కాబట్టి చంపక్కర్లేదు. వాయిడబుల్ అంటే ప్రస్తుతానికి బతికే ఉంది, కానీ మోసపోయినవాడు కావాలంటే రద్దు చేయించుకోవచ్చు. చూశారా, బుల్ మళ్లీ వచ్చింది, రద్దు చేయడానికి వీలున్నది. 1872 కాంట్రాక్ట్ చట్టంలో ఈ తేడా ఉంది. మిమ్మల్ని బెదిరించి సంతకం పెట్టించుకుంటే ఆ ఒప్పందం వాయిడబుల్. మీరు కోర్టుకెళ్లి వద్దు అంటేనే పోతుంది, ఊరుకుంటే నడుస్తూనే ఉంటుంది. పద్దెనిమిదేళ్లు నిండనివాడు చేసుకున్న ఒప్పందం మాత్రం వాయిడ్. 1903లో మొహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ ఆ మాట తేల్చేసింది. అంటే పదిహేడేళ్ల పిల్లాడి చేత రాయించుకున్న ఒప్పందం కోర్టులో నిలవదు. మా కెమెరా తమ్ముడు వెంటనే "అన్నా, అయితే పదిహేడేళ్లకే బైక్ కొని ఈఎంఐ కట్టకపోతే?" అంటున్నాడు. ఫైనాన్స్‌వాళ్లు అంత అమాయకులు కాదురా, మీ నాన్న సంతకం తీసుకుంటారు.

ఇప్పుడు మన ఏజెన్సీ. 1959లో వచ్చిన భూ బదలాయింపు నిబంధనలని 1970లో సవరించారు. జనం నోట్లో వన్ ఆఫ్ సెవెంటీ, లేదా 1/70 చట్టం. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరుడికి బదిలీ చేస్తే, చేసినవాడు గిరిజనుడైనా కాకపోయినా, అది ఏమవుతుందో అందులో నాలుగు మాటల్లో రాశారు: అబ్సల్యూట్లీ నల్ అండ్ వాయిడ్. వాయిడబుల్ అనలేదు. గిరిజనుడు కోర్టుకెళ్లి "నన్ను మోసం చేశారు" అని నిరూపించుకోవాల్సిన బరువు అతని మీద పెట్టలేదు. ఎవరో ఫిర్యాదు చేసినా, అధికారి తనంతట తాను తెలుసుకున్నా విచారించి భూమి వెనక్కి ఇప్పించొచ్చు. ట్రాన్స్‌ఫర్ అంటే ఏంటో కూడా అందులోనే చెప్పారు: అమ్మకం, దానం, మార్పిడి, తనఖా, కౌలు కూడా. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు పైకెళ్లి, ఆ నిబంధనలో "వ్యక్తి" అంటే ప్రభుత్వం కూడా వస్తుంది, గిరిజనేతరుల గనుల కంపెనీలకి ప్రభుత్వం కూడా లీజుకి ఇవ్వడానికి లేదు అంది. నా లెక్కలో "వాయిడబుల్"కి బదులు "వాయిడ్" అని రాసినవాళ్లెవరో గానీ, ఆ ఒక్క తోక కోసేసి చాలా ఎకరాలు కాపాడారు. కాపాడనివి కూడా చాలానే ఉన్నాయి, అది మీకూ తెలుసు నాకూ తెలుసు. కాగితం మీద వాయిడ్ అయిన కొనుగోళ్లు నేల మీద ముప్పై నలభై ఏళ్లుగా పంట పండిస్తూనే ఉన్నాయి.

ఒక చిన్న తేడా. 1/70 ప్రకారం మామూలు పట్టా భూమిని ఏజెన్సీలో ఒక గిరిజనుడు ఇంకో గిరిజనుడికి అమ్ముకోవచ్చు. తమ్ముడి చేతిలో ఉన్నది అటవీ హక్కుల పట్టా. దాన్ని ఎవరికీ అమ్మడానికి లేదు, సొంత బావమరిదికైనా సరే. ఇది మంచిదేనా అని అడిగితే, పూర్తిగా కాదు అని కూడా చెప్తా. ఇంట్లో కష్టం వచ్చినప్పుడు అక్కరకి రాని ఆస్తి అది. ఆ నాన్నకి డబ్బు అవసరం ఎందుకొచ్చిందో తమ్ముడు రాశాడు, అది ఇక్కడ చెప్పను. భూమిని కాపాడే మాటే, భూమి ఉన్నా చేతిలో రూపాయి లేకుండా చేస్తుంది. రెండూ నిజమే.

ఇప్పుడు "బుల్" వదిలేసి "డ్" తోక చూద్దాం. పాల్వంచ నుంచి కిన్నెరసాని వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన బోర్డులు ఉంటాయి, రిజర్వ్ ఫారెస్ట్ అని. ఇంకో మాట ప్రొటెక్టెడ్ ఫారెస్ట్. ఇంగ్లీష్ తెలిసిన ఎవర్నైనా అడగండి, ఏది ఎక్కువ గట్టిది అని. ప్రొటెక్టెడ్ అంటారు. రక్షణ అనే మాటే ఉంది కదా, పక్కన తుపాకీ పట్టుకుని ఎవరో నిలబడ్డట్టు అనిపిస్తుంది. రిజర్వ్డ్ అంటే బస్సులో సీటు లాంటిది అనుకుంటాం.

అటవీ చట్టాల్లో సరిగ్గా తలకిందులు. రిజర్వ్డ్ అడవిలో మామూలుగా ఏదీ చేయకూడదు, అనుమతి ఇచ్చినవి తప్ప. ప్రొటెక్టెడ్ అడవిలో మామూలుగా చేసుకోవచ్చు, వద్దని చెప్పినవి తప్ప. అంటే రిజర్వ్డ్‌లో తలుపు మూసి ఉంటుంది, తీయమని అడగాలి. ప్రొటెక్టెడ్‌లో తలుపు తీసి ఉంటుంది, కొన్ని గదులకే తాళం. రెండిట్లోనూ ఉన్న ఆ "డ్" దగ్గర ఆగి ఒక ప్రశ్న వేయండి: ఎవరు చేశారు? రిజర్వ్ అంటే పక్కన తీసిపెట్టడం. ఎవరు, ఎవరి కోసం పక్కన తీసిపెట్టారు? బస్సులో సీటు ఆడవాళ్ల కోసం పెడతారు. అడవిని 1800ల చివర్లో, 1900ల్లో ఒక్కొక్క బ్లాకుగా రిజర్వ్ చేసినప్పుడు, సర్కారు తన కోసం పెట్టుకుంది. లోపల పోడు కొట్టుకుని బతుకుతున్నవాళ్లు రాత్రికి రాత్రి ఆక్రమణదారులయ్యారు. ఆ పాత లెక్క సరిచేయడానికే 2006 చట్టం వచ్చింది. అందుకే ఆ చట్టంలో అటవీ భూమి అంటే రిజర్వ్డ్, ప్రొటెక్టెడ్, అభయారణ్యం, నేషనల్ పార్క్ అన్నీ వస్తాయి. "ఇది రిజర్వ్ ఫారెస్ట్, ఇక్కడ మీకు హక్కు ఉండదు" అని ఎవరైనా అంటే ఆ మాట తప్పు.

అదే రిజర్వ్డ్ మనిషి పక్కన పెడితే తక్కువ మాట్లాడే మనిషి. పెళ్లి బయోడేటాలో "మా అబ్బాయి రిజర్వ్డ్" అని రాసుకుంటారు. అడవి కూడా అంతేలెండి, అడిగితే గానీ పలకదు.

ఎగ్జామ్‌కి వెళ్లేవాళ్ల కోసం ఒకటి ఫాస్ట్‌గా: హిస్టారిక్, హిస్టారికల్. కంచర్ల గోపన్న కట్టించిన భద్రాచలం గుడి హిస్టారిక్, చరిత్రలో గొప్ప చోటున్నది. 2006లో వచ్చిన శ్రీరామదాసు సినిమా హిస్టారికల్, చరిత్రని గురించినది. సినిమా హిట్టయినా ఫ్లాపయినా హిస్టారికలే. అయిపోయింది, పదండి.

ఇది కొంచెం బరువైన జత. ప్రిమిటివ్, వల్నరబుల్. మన కొండరెడ్ల గురించి ప్రభుత్వం మొదట వాడిన మాట ప్రిమిటివ్ ట్రైబల్ గ్రూప్. 1975లో దేశంలో 52 తెగలకి ఆ పేరు పెట్టారు, తర్వాత ఇంకో 23 కలిపి 75 చేశారు. తెలంగాణలో చెంచు, కోలాం, తోటి, కొండరెడ్డి ఆ జాబితాలో ఉన్నాయి. కోయవాళ్లు ఎస్టీలే గానీ ఆ జాబితాలో లేరు. 2006లో పేరు మార్చారు: పర్టిక్యులర్లీ వల్నరబుల్ ట్రైబల్ గ్రూప్, ఫారాల్లో పీవీటీజీ. 2023లో మొదలైన పీఎం జన్‌మన్ పథకం వీళ్ల కోసమే.

చాలామంది ఏమంటారంటే, పేరు మారిస్తే ఏమొస్తుంది, అదే జనం అదే కొండ కదా అని. నేను ఒప్పుకోను. ప్రిమిటివ్ అంటే మొదటి కాలపు, ఆదిమ. అది మనిషి స్వభావం గురించి చెప్పే మాట. వీళ్లు ఇంతే, వెనకబడ్డది వీళ్లే అని. తప్పు ఆ మనిషి మీదే వేస్తుంది. వల్నరబుల్‌కి మూలం గాయం అనే లాటిన్ మాట. చివర్లో మన "బుల్". గాయపడే వీలున్నవాళ్లు అని అర్థం. ఆ మాట వినగానే తర్వాతి ప్రశ్న దానంతటదే వస్తుంది: గాయం ఎక్కడి నుంచి వస్తుంది? రోడ్డు లేకపోవడం నుంచా, రేషన్ అందకపోవడం నుంచా, భూమి పోవడం నుంచా? మొదటి మాట వాళ్లని చూపిస్తుంది, రెండో మాట వాళ్ల చుట్టూ ఉన్నదాన్ని చూపిస్తుంది. వీక్ అన్నా కుదరదు. వీక్ అంటే బలం లేనివాడు. సంచి నిండా వెదురు మోసుకుని కొండ దిగే మనిషిని వీక్ అనండి చూద్దాం.

హైమెన్‌డార్ఫ్ అని ఆస్ట్రియా నుంచి వచ్చిన ఒక ఆంత్రోపాలజిస్ట్ కొండరెడ్ల మీద 1945లో పుస్తకం వేశాడు, ద రెడ్డీస్ ఆఫ్ ద బైసన్ హిల్స్. బైసన్ హిల్స్ అంటే మన పాపికొండలే. హైదరాబాద్ రాజ్యంలోని తెగల మీద వచ్చిన ఆ పుస్తకాల వరసకి పెట్టిన పేరులో ఉన్న విశేషణం అబ్ఒరిజినల్. మొదటి నుంచీ ఇక్కడే ఉన్నవాళ్లు అని. అది ప్రిమిటివ్‌కి దగ్గరి మాటలాగే ఉంటుంది, రెండింటికీ తెలుగులో ఆదిమ అనే రాస్తాం. కానీ అబ్ఒరిజినల్ చోటు గురించి చెప్తుంది, ఎవరు ముందు వచ్చారు అని. ప్రిమిటివ్ మెట్టు గురించి చెప్తుంది, ఎవరు కింద ఉన్నారు అని.

ఫారం నింపేటప్పుడు, ఇంటర్వ్యూలో మాట్లాడేటప్పుడు "వి ఆర్ ఎ ప్రిమిటివ్ ట్రైబ్" అని ఇంకా అంటున్న పిల్లల్ని చూశాను. ఆ మాటని ప్రభుత్వమే వదిలేసింది తమ్ముళ్లూ, మీరెందుకు మోస్తారు.

జంతువుల దగ్గర వల్నరబుల్‌కి ఇంకో కొలత ఉంది. ఐయూసీఎన్ జాబితాలో వల్నరబుల్, దాని పైన ఎండేంజర్డ్, దాని పైన క్రిటికల్లీ ఎండేంజర్డ్. మన అడవిదున్న, ఎలుగుబంటి వల్నరబుల్. పులి ఎండేంజర్డ్. గ్రూప్స్‌లో అడుగుతారు, రాసుకోండి.

చివరిది గోదావరి. ఇక్కడ కూర్చుని గోదావరి గురించి చెప్పకపోతే ఎట్లా. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3. అప్పుడు కాలనీలు ఫ్లడెడ్. నీళ్లొచ్చాయి, పోయాయి, జనం తిరిగొచ్చి బురద కడుక్కున్నారు, బియ్యం ఎండబెట్టుకున్నారు. సబ్‌మర్జ్‌డ్ అంటే నీటి కింద మునిగి ఉన్నది. పోలవరం కాగితాల్లో ఆ మాట వచ్చిందంటే, ఇల్లు నీటి కిందికి వెళ్తుంది, కడుక్కోవడానికి ఏమీ మిగలదు అని. మనం రెండింటికీ "ముంపు" అనే అంటాం. ముంపు గ్రామం అంటే ఏటా వరదకి మునిగే ఊరా, శాశ్వతంగా మునగబోయే ఊరా? కూనవరం, వీఆర్ పురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు వైపు వాళ్లకి రెండు ముంపులూ తెలుసు. 2014లో ఆ మండలాలు ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది ఆ రెండో ముంపు కోసమే.

వాళ్ల కాగితాల్లోనే ఇంకో జత. అఫెక్టెడ్ ఫ్యామిలీ, డిస్‌ప్లేస్డ్ ఫ్యామిలీ. 2013 భూసేకరణ చట్టం రెండింటినీ విడివిడిగా నిర్వచించింది. డిస్‌ప్లేస్డ్ అంటే ఆ ఊరు వదిలి పునరావాస కాలనీకి వెళ్లాల్సినవాళ్లు, తెలుగులో నిర్వాసితులు. అఫెక్టెడ్ ఇంకా పెద్ద గంప. భూమి పోయినవాళ్లు, అసలు సెంటు భూమి లేకపోయినా అక్కడ మూడేళ్లుగా కూలికి, కౌలుకి బతికినవాళ్లు, అడవిలో తునికాకో ఇప్పపువ్వో ఏరుకునేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, పడవ నడిపేవాళ్లు, వాళ్ల బతుకుతెరువు దెబ్బతింటే వాళ్లూ అందులో వస్తారు. కొంపలో నీళ్లు రాకపోయినా అఫెక్టెడ్ కావొచ్చు. "మాకు భూమి లేదు కదా, మా పేరెందుకు ఉంటుంది" అని సర్వేకి రాని కుటుంబాలు ఈ ఒక్క మాట దగ్గర నష్టపోతాయి. తెలుగు పత్రికలు అందరికీ కలిపి "బాధితులు" అని రాసేస్తాయి. బాధ అందరిదీ ఒకటే కావొచ్చు, ఫారంలో గడి మాత్రం వేరు.

తమ్ముడికి ఆ రోజే వాయిస్ మెసేజ్ పెట్టా. "మీ నాన్నకి ఇట్లా చెప్పు: ఈ భూమి నీకు, మీ చెల్లికి వెళ్తుంది. ఇంకెవరికీ పోదు. ఆయన రాయించుకునే కాగితం వాయిడ్, దాని మీద అడ్వాన్స్ తీసుకుంటే తర్వాత ఆ డబ్బు కోసం మీ ఇంటి మీదికొచ్చేది ఆయనే. ఎందుకైనా మంచిది, ఐటీడీఏ ఆఫీసుకెళ్లి పట్టా చూపించి ఒకసారి అడగండి" అని. రెండ్రోజుల తర్వాత రిప్లై వచ్చింది. నాన్న ఫోన్ తీసుకుని మూడుసార్లు విన్నాడంట. స్టాంప్ పేపర్ ఆయన మళ్లీ వచ్చిండంట, నాన్న చాయ్ పోసి పంపించిండంట.

దాని కిందే తమ్ముడు ఇంకో ఫోటో పెట్టాడు, ఈసారి వాడి స్కాలర్‌షిప్ లెటర్. "అన్నా, ఒక చోట ఎలిజిబుల్ అని ఉంది, ఇంకో చోట ఎన్‌టైటిల్డ్ అని ఉంది. రెండూ అర్హులు అనే వస్తోంది. మరి డబ్బులు పడతాయా పడవా?" ఒకదానికి చివర "బుల్" ఉంది, ఇంకోదానికి "డ్" ఉంది. మీరే ఆలోచించి పెట్టుకోండి, వచ్చే ఎపిసోడ్ దాని మీదే. ఉంటాను ఫ్రెండ్స్, బై.